బోర్లించిన బకెట్టు

చిరంజీవి సౌభాగ్యవతి కోడలు పిల్లకి అత్తయ్య దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ ఆయన, నీ కూతురు, రెండు ఆవులు, ఐదు మేకలు, లెక్కకి నిలబడని కోళ్ళు, అందరం క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ వేళకి తిని, వేళకి పడుకుని క్షేమంగా ఉన్నావని అనుకోవాలనుంది గానీ, నీ ఉత్తరం చివరి పేజీ చూస్తే అనుకోబుద్ధి కావడం లేదు. వాక్యాలన్నీ కిందికి జారిపోయాయి. నిద్రకి తూగుతూ రాశావని తెలిసిపోతోంది. నర్సువి, అందరి ఆరోగ్యం చూసేదానివి, నీ ఒళ్ళు నువ్వు చూసుకోకపోతే ఎలా? ఆ కిడ్నీ మిషన్ల శిక్షణ ఇంకో రెండు నెలలేగా. ఈలోగా అది నిన్ను మింగెయ్యకుండా చూసుకో.

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. ఎప్పుడూ మర్నాడే జవాబు రాసేదాన్ని, ఈసారి మూడు కాగితాలు చింపాను. కంగారు పడకు, ఎవరికీ ఒంట్లో బాగోలేక కాదు. పెన్ను పట్టుకుంటే చెయ్యి సాగలేదు, అంతే. పోనీ ఆదివారం ఫోన్లో చెప్పేద్దామా అనుకున్నాను. నీకు దొరికే పది నిమిషాల్లో ఏడు నిమిషాలు మీ ఆయన తినేస్తాడు, రెండు నిమిషాలు పిల్ల. నాకు మిగిలేది "ఉంటాను అత్తయ్యా" ఒక్కటే. అయినా ఇది ఫోన్లో చెప్పే మాట కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్తాను.

పిచ్చుకకి కదులుతున్న పై పన్ను ఊడింది. పిల్లని ఇంకా పిచ్చుకనే పిలుస్తున్నానని కోప్పడకు, బళ్ళో అసలు పేరుతో బాగానే పలుకుతోంది, ఇంట్లో నా నోటికి అదే వస్తుంది. మీ ఆయన పన్ను పీకుతానని దారం పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. అది వాడికి చిక్కితేగా! చివరికి మొక్కజొన్న పొత్తు కొరుకుతుంటే దానంతట అదే ఊడొచ్చింది. అగ్గిపెట్టెలో దూది పరిచి నీకోసం దాచింది. రోజుకి రెండుసార్లు తీసి చూసుకుంటోంది.

మీ ఆయన దగ్గు తగ్గింది. పాల వ్యాను కిటికీ అద్దం బాగు చేయించుకోరా, తెల్లవారుజామున చల్లగాలి గుండెల్లోకి కొడుతోంది అని నేను నెల రోజులు మొత్తుకున్నాను. చెవిన పెట్టలేదు. నువ్వు ఒక్క వాక్యం రాశావో లేదో, మర్నాడే వెళ్ళి చేయించుకొచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. మంచి పనే చేశాడు కాబట్టి నోరు మూసుకున్నాను.

ఇక నీ చివరి ప్రశ్న. దాని కింద గీత కూడా గీశావు. "మేకల సంగతి ఎత్తితే పిల్ల మాట మార్చేస్తోంది, కొట్టంలోకి వెళ్తోందా లేదా?" అని. వెళ్ళడం లేదమ్మా. దాదాపు మూడు వారాలుగా కొట్టం గడప దాటలేదు. గింజల డబ్బా ముట్టుకోలేదు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళబోతే వెనక్కి లాక్కుంది. "నేను పెడితే చచ్చిపోతాయి నానమ్మా" అంది. ఆరేళ్ళ పిల్ల నోట ఆ మాట వింటే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. ఆ భయం దానికి పోతుందా, ఉండిపోతుందా అన్నదే ఇప్పుడు ఈ ఇంట్లో పెద్ద సంగతి. మేక విషయం నీకు అబ్బాయి ఫోన్లో చెప్పాడు, నాకు తెలుసు. వాడు చెప్పింది వాడికి తెలిసినంత. వాడికి తెలియనిది నా దగ్గరుంది.

అది చెప్పేముందు ఇంకో మాట చెప్పనీ. నువ్వు వెళ్ళేముందు వాకిట్లో నిలబడి అడిగావు, గుర్తుందా? "అంత చిన్నపిల్లని కొట్టంలోకి పంపడం అవసరమా అత్తయ్యా, తొక్కితేనో, పొడిస్తేనో" అని. నేను విసురుగా "నీ మొగుడు అక్కడే పెరిగాడు, చచ్చాడా?" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. అందుకని, ఈ నాలుగు నెలల్లో అది అక్కడ ఏం నేర్చుకుందో నీకు సరిగ్గా చెప్పాలి. లేకపోతే ఏం పోగొట్టానో నీకు తెలియదు.

మొదటిరోజు గుప్పిట్లో గింజలు బిగించి మేక మూతి దగ్గర పెట్టింది. అది వేళ్ళతో కలిపి కొరికింది. రక్తం రాలేదు గానీ ఏడుపు మాత్రం వీధి చివరిదాకా వినిపించింది. "అరచెయ్యి పళ్ళెంలా చాపాలే, గుప్పిట బిగిస్తే దానికేం తెలుస్తుంది ఏది వేలో ఏది గింజో" అని చూపించాను. ఆ సాయంత్రం నాకు బిస్కెట్టు ఇస్తూ అరచెయ్యి చాపి, దాని మీద పెట్టి ఇచ్చింది. నేను కరుస్తానని కాబోలు!

ఆవు దగ్గరికి వెనకనుంచి వెళ్ళకూడదు, ముందు పిలవాలి అని చెప్పాను. "వస్తున్నానమ్మా, నేనే" అని ఆవుకి చెప్పి మరీ వెళ్ళేది. అదే అలవాటుగా వంటింట్లోకి వచ్చేటప్పుడు నాకూ చెప్పేది. కోళ్ళకి గింజలు చల్లితే బలిసినవన్నీ ముందుకొచ్చి, ఆ కుంటికోడికి ఒక్కటీ దక్కనివ్వవు కదా. పిల్లకి నేనేమీ చెప్పలేదు. అదే చూసి చూసి ఒకరోజు ఒక గుప్పెడు దూరంగా విసిరింది. అవన్నీ అటు పరిగెత్తాక, ఇంకో గుప్పెడు కుంటిదాని ముందు పోసింది. నలభై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్నాను, నాకు ఎప్పుడూ తట్టలేదు సుమా.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటే నేర్పాను. మేత వెయ్యడం పనిలో సగమే, వేశాక నిలబడి చూడాలి, ఏది తింటోంది, ఏది తినడం లేదు అని. నోరులేనివి జబ్బు చేస్తే చెప్పలేవు, మేత వదిలేస్తాయి, మనకి తెలిసేది అలాగే అని చెప్పాను. పది నిమిషాలు నిలబడి చూసేది. ఆ తర్వాత ఒకరోజు బళ్ళోనుంచి టీచరు వచ్చి చెప్పింది. పక్కన కూర్చునే పిల్ల మధ్యాహ్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసిందట. మనది చెయ్యెత్తి "టీచర్, ఇది మేత ముట్టలేదు, డాక్టర్ని పిలవండి" అందట. క్లాసంతా నవ్వారట. టీచరు చెయ్యి వేసి చూస్తే ఒళ్ళు కాలిపోతోందట. టీచరు నవ్వుతూ చెప్పి వెళ్ళింది. నేను లోపలికొచ్చి కళ్ళు తుడుచుకున్నాను. ఆ సంగతి అప్పుడే నీకు రాయాల్సింది, దాన్ని పొగిడితే నెత్తికెక్కుతుందని రాయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. బకెట్టు పద్ధతి ఈ ఇంట్లో పెట్టింది నువ్వు. ఎవరు మేకలకి దాణా పెడితే వాళ్ళు స్టూలు మీద బకెట్టు బోర్లించాలి. బోర్లించి ఉంటే పెట్టేసినట్టు, తిన్నగా ఉంటే ఇంకా పెట్టనట్టు. ముగ్గురం మూడు వేళల్లో వస్తాం, పోతాం, ఇద్దరు పెట్టినా కష్టమే, ఎవరూ పెట్టకపోయినా కష్టమే అన్నావు. ఆ బకెట్టుని ఇంకే పనికీ వాడొద్దని కూడా చెప్పావు. నేనేమన్నాను? "ఆసుపత్రిలో రోగులకి చీటీలు కట్టినట్టు మేకలకి కూడానా?" అని పదిమంది ముందు నవ్వాను. నువ్వు చిన్నబుచ్చుకున్నావు. అయినా పద్ధతి మానలేదు, పిల్లకీ నేర్పావు. పిల్ల దాన్ని నీ మాటగా పట్టుకుంది. దాణా పెట్టడం, బకెట్టు బోర్లించడం, రెండు చేతులూ దులుపుకోవడం. ఒక్కరోజు తప్పలేదు.

ఆ రోజు సాయంత్రం వాన మొదలైంది. పిల్ల బడినుంచి వచ్చి, మేకలకి మేత వేసి, చూడి మేకకి అరడబ్బా దాణా పెట్టి, ఇంట్లోకి వచ్చి బొమ్మలేసుకుంటూ కూర్చుంది. చూడి మేకంటే మన పెద్దచెవుల మేకే, పిల్ల దానికి చెవులమ్మ అని పేరు పెట్టిందని నీకు తెలుసుగా. నేను కాస్త చీకటి పడబోతుంటే కొట్టంలోకి వెళ్ళాను. బకెట్టు తిన్నగా ఉంది. "ఇదిగో, బొమ్మల ధ్యాసలో పడి పెట్టనేలేదు" అనుకున్నాను. కడుపుతో ఉన్నది ఇంతసేపు ఆకలితో ఉందే అని జాలేసి, డబ్బా నిండా ఒకసారి కాదు, రెండుసార్లు పోశాను. అదీ కొత్త బస్తాలోని మొక్కజొన్న నూక. అది ఆబగా తింది. మేకకి గింజ దొరికితే ఆపడం తెలుస్తుందా?

తెల్లారి బడికి వెళ్ళేముందు పిల్ల కొట్టంలోకి వెళ్ళి, వెంటనే పరిగెత్తుకొచ్చింది. "నానమ్మా, చెవులమ్మ గడ్డి ముట్టలేదు. పళ్ళు నూరుతోంది" అంది. వెళ్ళి చూస్తే ఎడమ పొట్ట తప్పెటలా బిగిసిపోయి ఉంది. తల వాల్చేసి గోడకి ఆనుకుంది. మీ ఆయన వ్యాను వేసుకెళ్ళి పశువుల డాక్టరమ్మని తీసుకొచ్చాడు. గొట్టం వేసి, నూనె పోసి, సూదులు పొడిచి, మధ్యాహ్నం దాకా ఆవిడ కూర్చుంది. తల్లిని దక్కించింది. కడుపులో రెండు పిల్లలు, రెండూ మర్నాటికి చచ్చి పడ్డాయి.

డాక్టరమ్మ మొదట అడిగింది "ఎవరు చూశారు ముందు?" అని. పిల్ల అన్నాను. "గంట ఆలస్యమైతే ఇదీ దక్కేది కాదు" అంది పిల్ల వైపు చూసి. తర్వాత "ఎంత దాణా తింది?" అని అడిగింది. నేను రెండు డబ్బాలు అన్నాను. పిల్ల నా కొంగు పట్టుకుని "నేను అరడబ్బా పెట్టాను కదా నానమ్మా, మళ్ళీ ఎందుకు పెట్టావు?" అంది. అందరి ముందు! మీ ఆయన ఉన్నాడు, డాక్టరమ్మ ఉంది. నాకు మొహం మీద కొట్టినట్టయింది.

"నువ్వు పెడితే బకెట్టు ఎందుకు బోర్లించలేదు మరి?" అన్నాను.

"బోర్లించాను."

"బోర్లిస్తే తిన్నగా ఎలా లేచి కూర్చుంటుందే? దానికేమన్నా కాళ్ళున్నాయా?"

"బోర్లించాను నానమ్మా, నిజంగా."

"అబద్ధాలాడకు. తప్పు చేస్తే చేశానని చెప్పాలి. బోర్లించావా, మర్చిపోయావా?"

మూడోసారి అడిగినప్పుడు పిల్ల మేక వైపు చూసింది, వాళ్ళ నాన్న వైపు చూసింది. నా మొహం చూసి, చాలా నెమ్మదిగా "మర్చిపోయానేమో" అంది. "అదీ, అలా ఒప్పుకోవాలి" అన్నాను నేను. నా నోటితోనే అన్నానమ్మా. ఏదో గొప్ప బుద్ధి నేర్పినట్టు తల కూడా నిమిరాను.

మీ ఆయన నీకు ఫోన్లో చెప్పింది ఇదే. పిల్ల మర్చిపోయిందని, అందుకే కాస్త భయపడిందని.

కానీ భయం ఒక్కటే కాదు. ఆ రోజునుంచి ఇంట్లో ఏం జరిగినా అది తన మీద వేసుకోవడం మొదలుపెట్టింది. పిల్లి పాలు ఒలకబోస్తే "నేనే మూత పెట్టడం మర్చిపోయానేమో" అంది. మూత పెట్టనిది నేను. వాళ్ళ నాన్న వ్యాను టైరు పంక్చరయితే "నేనే మేకు పడేశానేమో" అంది. దానికి మేకు ఎక్కడిది? బళ్ళో ఎవరిదో రబ్బరు పోతే మనది లేచి నిలబడి నేనేనేమో టీచర్ అందట. టీచరు ఈసారి నవ్వుతూ రాలేదు. "ఇంట్లో ఏమైనా కోప్పడుతున్నారా?" అని అడిగింది. నేను ఎదురు ఆవిడ మీదే కోప్పడి పంపించాను. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలు తిని, "చాలు, ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది" అని లేచిపోయేది.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వాన పడింది. కొట్టంలో తవుడు బస్తాల మీద కప్పు కారుతోంది. గబగబా వెళ్ళి, స్టూలు మీద ఉన్న బకెట్టు తీసి, ఆ చినుకుల కింద పెట్టబోయాను. పెట్టబోతూ ఉండగానే నా చెయ్యి ఆగిపోయింది. ఆ రోజూ ఇదే చేశాను. ఇదే బకెట్టు, ఇదే చోటు. బోర్లించి ఉన్నదాన్నే తీసి, ఎందుకు బోర్లించి ఉందో ఆలోచించకుండా కప్పు కింద పెట్టాను. వాన తగ్గాక నీళ్ళు పారబోసి, తీసుకెళ్ళి స్టూలు మీద తిన్నగా పెట్టాను. ఆ తర్వాత ఆరేసిన బట్టలు, కోళ్ళని గంప కింద మూయడం, ఏవేవో పనులు. మళ్ళీ కొట్టంలోకి వెళ్ళేసరికి ముప్పావు గంట కూడా అయుండదు. నేను తిన్నగా పెట్టిన బకెట్టుని నేనే చూసి, పిల్ల మీద నింద వేశాను.

అక్కడే తడి బస్తా మీద కూలబడిపోయాను. పిల్ల మర్చిపోలేదు. మూడుసార్లు అడిగితే రెండుసార్లు నిజమే చెప్పింది. మూడోసారి అబద్ధం చెప్పించింది నేను.

ఇప్పుడు నీకు చెప్పడానికి చెయ్యి సాగనిది ఇదే. ఆ సాయంత్రమే పిల్లని పిలిచి చెప్పి ఉంటే నేనూ మనిషినే అయ్యేదాన్ని. చెప్పలేదు. పదకొండు రోజులు చెప్పలేదు. ఎందుకని అడుగుతావు. మొదటిరోజు, పిల్ల రేపోమాపో మర్చిపోతుందిలే అనుకున్నాను. తర్వాత, అబ్బాయి నీకు చెప్పేశాడు కదా, ఇప్పుడు కెలకడం దేనికి అనుకున్నాను. అవన్నీ పైపై మాటలు. అసలు కారణం, నువ్వు. నీ బకెట్టు పద్ధతిని నవ్వులపాలు చేసిందాన్ని, ఆ బకెట్టుతోనే నేను మేక పిల్లల్ని చంపానని నీకు తెలిస్తే ఏ మొహం పెట్టుకుని నీ ఎదుట తిరగను? నలభై ఏళ్ళుగా పశువులతో బతికినదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన కోడలి దగ్గర మాట పడనా? ఇదీ నా బుద్ధి. ఈ గర్వం కోసం ఆరేళ్ళ పిల్లని మొయ్యమన్నాను.

ఊరికే కూర్చోలేదు, లంచాలు పెట్టాను. బాతు పిల్లల్ని తెచ్చాను. రంగు పెన్సిళ్ళు కొన్నాను. కొత్త గింజల డబ్బా, పూల బొమ్మ ఉన్నది, కొనిచ్చాను. పిల్ల బాతు పిల్లల్ని దూరంనుంచి చూసి, "వాటికి నువ్వే పెట్టు నానమ్మా" అంది. డాక్టరమ్మ మేకని చూడటానికి మళ్ళీ వచ్చినప్పుడు "మా చిన్న కంపౌండరు ఏది?" అని అడిగితే తలుపు వెనక దాక్కుంది. నేను తేలు కుట్టిన దొంగలా ఆవిడకి మంచినీళ్ళు అందిస్తూ నిలబడ్డాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే పిల్లకి రాసిన పేజీ మీ ఆయన ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివాడు. "చిన్నపిల్లలు మర్చిపోతారు తల్లీ, ఫర్వాలేదు, అమ్మకి నీ మీద కోపం లేదు" అని రాశావు. ఎంత చక్కగా రాశావమ్మా! ఏ తల్లయినా అలాగే రాస్తుంది. పిల్ల మొత్తం విని, "అమ్మ కూడా నేను మర్చిపోయాననే అనుకుంటోందా?" అంది. మీ ఆయన "అయితే ఏం, కోపం లేదందిగా" అన్నాడు. పిల్ల ఏడవలేదు. ఒళ్ళోనుంచి దిగి, గోడవైపు తిరిగి పడుకుంది. అది ఏడ్చినా బాగుండేది.

మర్నాడు పొద్దున మీ ఆయన్ని వ్యాను ఎక్కకుండా ఆపాను. ఇద్దరినీ కొట్టం గడప దగ్గరికి తీసుకెళ్ళి, నేల మీద కూర్చున్నాను. నిలబడి చెప్తే పెద్దరికం అడ్డొస్తుందని. "ఆ రోజు నువ్వు బకెట్టు బోర్లించావు. వాన నీళ్ళు పట్టడానికి నేనే తీశాను. తిన్నగా పెట్టిందీ నేనే, మర్చిపోయిందీ నేనే. నువ్వు నిజం చెప్పావు. నేను నమ్మలేదు" అన్నాను.

పిల్ల నన్ను చూస్తూ "నేను బోర్లించానా?" అంది.

నేను తలూపాను.

"నిజంగా బోర్లించానా నానమ్మా?" అని మళ్ళీ అడిగింది. అమ్మాయీ, తన చేత్తో చేసిన పనిని అది మమ్మల్ని అడుగుతోంది. నేను మేకకి చేసింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. "బోర్లించావే తల్లీ, రెండు చేతులూ దులుపుకున్నావు కూడా" అని ఏడ్చేశాను.

అప్పుడు వచ్చింది దానికి కోపం! "చెప్పాను కదా! నేను చెప్పాను కదా!" అని రెండు పిడికిళ్ళతో నా భుజాల మీద కొట్టింది. మీ ఆయన ఆపబోతే నేనే వద్దన్నాను. అలిసిపోయేదాకా కొట్టింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "నీకెప్పుడు తెలిసింది?" అంది. అది అడగదనుకున్నాను. పదకొండు రోజులైందని చెప్పాను. వేళ్ళు లెక్కపెట్టుకుంది. పది వేళ్ళూ అయిపోయాయి. నా చెయ్యి పక్కనే ఉంది, ముట్టుకోలేదు. వాళ్ళ నాన్న వేలు పట్టుకుని "పదకొండు" అంది.

మీ ఆయన "అమ్మా!" అన్నాడు, అంతే, వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చాక పిల్ల పక్కన కూర్చుని "నేను కూడా నిన్ను నమ్మలేదు కదే" అని తనే బతిమాలుకున్నాడు. వాడు నాకన్నా నయం.

పిల్ల ఒకటే పట్టు పట్టింది. "అమ్మకి రాయి. రాశాకే కొట్టంలోకి వస్తాను" అంది. ఈ మూడు రోజులూ బడినుంచి రావడం, సంచి పడెయ్యడం, "రాశావా?" అనడం. నేను "రాస్తున్నాలే" అంటే చింపిన కాగితాలు ఏరి చూపించింది. ఇక ఈ రోజు నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. అసలు బకెట్టు స్టూలే అది, ఈడ్చుకొచ్చింది. రాస్తున్నంతసేపూ నా మొహమే చూస్తోంది. అప్పు తీసుకున్నవాళ్ళని కూడా ఎవరూ అలా కాపలా కాయరు.

కప్పు బాగుచెయ్యడానికి రేపు మనిషి వస్తున్నాడు. కారే నీళ్ళకి వేరే గిన్నె పెట్టాను. చెవులమ్మ కోలుకుంది, మేస్తోంది, మళ్ళీ చూడి కడుతుందని డాక్టరమ్మ చెప్పింది. టీచరు ఇంటికి రేపు వెళ్ళి, ఆ రోజు అరిచినందుకు నాలుగు మంచి మాటలు చెప్పి వస్తాను. ఆవిడకీ నిజం చెప్పాలి కదా.

నీకు ఒకటే మనవి. నా గురించి ఏం రాయాలనుకుంటే అది రాయి, పడతాను. కానీ ముందు దానికి రాయి. మొదటి వాక్యంలోనే రాయి, నువ్వు నిజం చెప్పావని అమ్మకి తెలిసిందని. ఆ పాత పేజీ అది ఇంకా దిండు కింద దాచుకుంది, కొత్తది వచ్చేదాకా తియ్యనంటోంది. వీలైతే నిద్ర పోయి లేచాక రాయి, అక్షరాలు జారకుండా.

ఇప్పుడే మొత్తం చదివి వినిపించాను. నన్ను నేను తిట్టుకున్న చోటల్లా తలూపింది. లంచాల సంగతి దగ్గర "బాతు పిల్లలు వెనక్కి ఇవ్వకు" అంది. అంతా అయ్యాక లేచి నిలబడి, "డబ్బా ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. ఏ డబ్బా అన్నాను, తెలిసి కూడా, దాని నోట వినాలని. "దాణా డబ్బా. చెవులమ్మకి టైమైంది" అంది. చెప్పానమ్మా, గోడ మీద ఉందని చెప్పాను.

వెళ్ళేముందు తనూ నీకు ఒక మాట రాస్తుందట. కింద చోటు వదలమంది. నన్ను అటు తిరగమంది.

ఇట్లు,
తప్పు చేసి, ఆలస్యంగా ఒప్పుకున్న
నీ అత్తయ్య

అమ్మా, నానమ్మని తిట్టకు. నేను తిట్టేశాను.